బస్ స్టాప్ మీటింగ్‌కి వచ్చిన అబ్బాయి

"వాడు మళ్ల వచ్చిండు," అన్నాడు పరశురాం, భూమిక చెవి దగ్గర.

భూమిక తల తిప్పకుండానే చూసింది. చివరి వరుస. నీలం చొక్కా. చేతిలో ఫోన్, మాట్లాడేవాళ్ల వైపే పట్టుకున్నాడు. రికార్డింగ్!

తార్నాకలోని ఆ కమ్యూనిటీ హాల్లో ప్రతి ఆదివారం సాయంత్రం మీటింగ్ పెట్టేది భూమికే. ఇల్లు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో, చదువు యూనివర్సిటీలో ఎం.ఏ. సోషియాలజీ. పరశురాం ఆమె క్లాస్‌మేట్.

రోడ్డు పనులప్పుడు హాల్ ఉన్న కాలనీ ముందరి బస్ స్టాప్ తీసేశారు. పనులు అయిపోయాయి కానీ స్టాప్ తిరిగి రాలేదు. ఆ జాగాలో ఇప్పుడు ఓ ఫంక్షన్ హాల్‌కి వచ్చే కార్లు ఆగుతున్నాయి. స్టాప్‌ని మళ్లీ పెట్టించాలనే ఈ మీటింగులు. కూరగాయలమ్మే సోమమ్మ నుంచి రిటైర్డ్ టీచర్ల దాకా వస్తున్నారు. మొదట్లో మైక్ చూస్తే బెదిరిపోయినవాళ్లు కూడా ఇప్పుడు వంతులేసుకుని మాట్లాడుతున్నారు.

ఈ నీలం చొక్కా తప్ప.

పోయిన వారం అందరూ కలిసి ఆర్టీసీ ఆఫీసర్ దగ్గరికి వెళ్తే, ఫంక్షన్ హాల్ మనుషులు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు. ఎవరో ముందే చెప్పారు. ఎవరు?

మీటింగ్ అయ్యాక భూమిక అతని దారికి అడ్డంగా నిలబడింది. "మీ పేరేంది?"

అతను ఆమె కళ్లలోకి చూశాడు. ఏదో చెప్పబోయి, నవ్వి, తల వంచుకుని గబగబా వెళ్లిపోయాడు. నవ్వు బాగానే ఉంది. అదే ఆమెకు మరింత అనుమానం కలిగించింది.

మూడ్రోజుల తర్వాత ఆర్ట్స్ కాలేజీ వెనక చెట్ల కింద మళ్లీ కనిపించాడు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా మాట్లాడుతున్నాడు. భూమిక చెట్టు చాటున ఆగి చెవులు రిక్కించింది.

"ముసలోళ్లు... గంత దూరం... ఎట్ల నడుస్తరు సార్..."

అవి సోమమ్మ మాటలు! మీటింగ్‌లో అన్నవి అన్నట్టే ఎవరికో చేరవేస్తున్నాడు!

ఆదివారం భూమిక ఆగలేకపోయింది. మైక్‌లోనే అనేసింది.

"మనల్ల ఒకరు ఈడి ముచ్చట్లు రికార్డ్ చేసి బయటికి మోస్తున్నరు. నీలం చొక్కా సార్, లేచి నిలవడున్రి. ఎవరు పంపిన్రు మిమ్మల్ని?"

అతను లేచాడు. హాలంతా అటు తిరిగింది.

"మ... మ... మా..."

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతని మెడ నరాలు బిగుసుకున్నాయి. "మా... మ..." ఇక నవ్వు ఆగిపోయింది. అతను చెయ్యెత్తి నమస్కారం పెట్టి బయటికి నడిచాడు.

"మాట తడవడ్తది పిల్లగానికి," అంది సోమమ్మ. "గట్లనా అడిగేది?"

భూమిక మైక్ కింద పెట్టింది. పక్కన పరశురాం ఫోన్ చూస్తూ గొణిగాడు. "భూమీ... మన వాట్సాప్ గ్రూప్ల ఫంక్షన్ హాల్ మేనేజర్ ఉన్నడే. గ్రూప్ లింక్ పోస్టర్లేసి మనమే గోడలకి అంటిచ్చినం గద. గాళ్లకు ముందే తెల్సింది గిట్లనే."

మర్నాడు సన్నగా వాన. నీలం చొక్కా అబ్బాయి పేరు వెంకటకృష్ణ అని వాకబు చేసి తెలుసుకుని, జియాలజీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లింది భూమిక. అతను మెట్ల మీద ఒంటరిగా ఉన్నాడు.

"సారీ," అంది. "చాలా పెద్ద తప్పు చేసిన."

అతను పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆగి ఆగి చెప్పాడు. స్టాప్ ఎత్తేశాక వాళ్లమ్మ అరుంధతి కదిలే బస్సు వెంట పరుగెత్తి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆ సంగతి ఆఫీసర్‌కి తన నోటితో చెప్పాలని అతని పట్టుదల. అందరూ ఎలా మాట్లాడుతున్నారో రికార్డ్ చేసుకుని, చెట్ల కింద ఆ మాటలే ఫోన్లో వింటూ, పలుకుతూ ప్రాక్టీస్ చేస్తున్నాడు.

"ఈ ఆదివారం ఆఫీసరే హాల్‌కి వస్తున్నడు. మీరు చెప్పాలె," అంది భూమిక.

వెంకటకృష్ణ అనుమానంగా చూశాడు. "జా... జాలిపడి పిలుస్తున్నారా అండీ?"

"జాలి కాదు. మీ అమ్మ సంగతి నేను చెప్తే కంప్లయింట్ అయితది. మీరు చెప్తే నిజమైతది."

వాన తగ్గినా ఇద్దరూ లేవలేదు.

ఆదివారం భూమిక ముందుగా మైక్ తీసుకుని, అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పింది. తర్వాత మైక్ అతని చేతికిచ్చింది.

నాలుగు వాక్యాలు. చాలా సమయం పట్టింది. ఆఫీసర్ ఒకసారి వాచీ చూసుకున్నాడు. అతనికి అందించాల్సిన మాట భూమిక నాలుక చివరి దాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఊరుకుంది.

అతను పూర్తి చేశాడు.

ఆఫీసర్ గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మ ఇప్పుడెలా ఉన్నారు?"

"న... నడుస్తోంది సార్. బస్సు చప్పుడు వింటే... భ... భయపడుతోంది."

ఆఫీసర్ లేచాడు. "పదండి, ఆ జాగా చూపించండి." హాలంతా అతని వెంట రోడ్డు మీదికి కదిలింది.

కార్లు ఖాళీ కావడానికి నెల పట్టింది. స్టాప్ బోర్డు నిలబెట్టిన రోజు సోమమ్మ అందరికీ జామకాయలు పంచింది.

తర్వాతి ఆదివారం మీటింగ్ వీధుల్లో మురుగు పొంగే మోరీల గురించి. వెంకటకృష్ణ వచ్చాడు. వాళ్ల వీధిలో మోరీల బాధే లేదు.

భూమికకు మళ్లీ అనుమానం మొదలైంది. దగ్గరికి వెళ్లి గుసగుసగా అడిగింది. "స్టాప్ వచ్చింది గద. ఇంకా ఎందుకొస్తున్నవ్?"

"న... నీ..."

ఆమె ఎదురుచూసింది.

"నీ కోసం."

"గట్టిగ చెప్పు బిడ్డా, వినవడ్తలేదు!" అంది ముందు వరుస నుంచి సోమమ్మ.

వెంకటకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. అయినా లేచి నిలబడ్డాడు. "భూమిక కోసం!" అన్నాడు, ఎక్కడా తడబడకుండా.

హాలు చప్పట్లతో మోగిపోయింది. "మోరీల ముచ్చట మాట్లాడున్రి," అని భూమిక కసిరింది కానీ, ఆ సాయంత్రం మోరీల మీద ఎవరేమన్నారో ఆమెకు ఒక్క ముక్క ఎక్కలేదు.

అందరూ వెళ్లాక గేటు దగ్గర ఆగింది. "మా నాయినకు రైల్వే వర్క్‌షాప్ల డ్యూటీ. ఎవర్నీ అల్కగ నమ్మడు. వంద ప్రశ్నలడుగుతడు."

"అ... అడగనివ్వు."

"అయితే రేపు పొద్దుగాల చాయ్‌కి ఇంటికి రా," అంది భూమిక. "మీ అమ్మను గూడ తోల్కరా. బస్సుల వద్దు, నేనే ఆటో తీస్కొని వస్తా."