ఇంకొంచెం అనే గది

మా వీధి చివరి స్టూడియోలో డార్క్‌రూమ్ మంచిది కాదంటారు. పాత యజమాని అందులోనే కుప్పకూలాడు. ఏ ఫొటో కడిగినా తృప్తి లేని మనిషి… ‘ఇంకొంచెం’ అంటూనే ప్రాణం వదిలాడట. ఆ మాట ఇప్పటికీ గదిలో తిరుగుతోందని వినికిడి. మా మరదలు అటువైపు చూడకూడదని కళ్లు మూసుకుని నడిచి మురుగుకాలవలో పడింది. దాన్నీ దెయ్యం ఖాతాలోనే వేశారు.

ఇక చెప్పబోయేది ఇప్పటి ఫొటోలాయన నోట విన్న సంగతి. ఆ యజమాని దగ్గరే పని నేర్చుకున్నాడు. అందరినీ నవ్వమంటాడు, తను మాత్రం నవ్వడు. అబద్ధం అల్లేంత ఊహ ఆయనకు లేదు.

ఒకరోజు మా వీధి దర్జీ ఒక ఫిల్ము రీలు తెచ్చాడు. పోయిన భార్య బొమ్మ అందులో ఒక్కటే ఉంది. పెళ్లి ఫొటోలు చెదలు తినేశాయి. ఆవిడ మొహం రోజురోజుకీ మరుపున పడుతోందని అతని బెంగ.

“మబ్బు పట్టినప్పుడు తీసిందన్నా. మసగ్గా రానీకు. నలుపు నలుపులా, తెలుపు తెలుపులా తేలాలి.”

“డెవలపర్ మందు చిక్కగా కలిపి ఎక్కువసేపు ఉంచుతాలే తమ్ముడూ. హద్దు దాటితే మాత్రం మొహం తెల్లగా పాలిపోతుంది.”

ఫొటోలాయన డార్క్‌రూమ్‌లోకెళ్లి తలుపు మూశాడు. బయట మిట్టమధ్యాహ్నం… లోపల అర్ధరాత్రి. చిన్న వెలుగు తగిలినా ఫిల్ము పాడే. తలుపు పక్క బల్ల మీద, మందు ట్రేలో దాన్ని అటూ ఇటూ ఆడిస్తూ మనసులో లెక్కపెట్టుకున్నాడు.

లెక్క పూర్తయింది. చేతులు ఆగాయి. ట్రేలో నీళ్ల చప్పుడు ఆగింది.

“ఇంకొంచెం…”

చెవి పక్కనే.

గురువే అనుకున్నాడు. గురువుకి బతికుండగానే ఎదురు చెప్పనివాడు — చచ్చాక చెబుతాడా? మళ్లీ ఆడించాడు. మళ్లీ ఆపాడు.

“ఇంకొంచెం…”

ఆడించాడు.

ఆఖరికి ఎలాగో ఫిల్మును బొమ్మ నిలబెట్టే ఫిక్సర్ మందులో ముంచి, కాసేపాగి, తలుపు తోశాడు. చెక్కకి నోరానించి కూర్చున్న దర్జీ వెల్లకిలా పడ్డాడు.

“నువ్వా?”

“చప్పుడు ఆగినప్పుడల్లా గుండె ఆగిందన్నా. మసగ్గా వస్తుందేమోనని… ఉండబట్టలేక అన్నాను.”

ఫిల్ము ఆరాక ఫొటోలాయన ప్రింటు వేశాడు.

జుట్టు కాటుక నలుపు. నల్ల జాకెట్టు భుజం మీద దర్జీ తెల్లదారంతో వేసిన కుట్టు పోగుపోగునా తేలింది. మొహం ఉండాల్సిన చోట తెల్లకాగితం… అందులో రెండు నల్లచుక్కలు. ముక్కు లేదు. పెదవులు లేవు. ఆ కళ్లు ఎవరివైనా కావచ్చు.

దర్జీ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చాలాసేపు చూశాడు.

“కుట్టు బాగా వచ్చిందన్నా,” అన్నాడు.