దానయ్య పాటకి పలికినోలు

కాదు రమేష్ మావా, హార్డ్‌డిస్కు పాడవ్వలేదు. కూకో, సెప్తాను. ఇంకెవులికీ సెప్పలేను, నోరు రాదు నాకు.

ఉద్దానంలో సముద్రం ఒడ్డున నూకరత్నం పిన్ని ఇల్లు తెలుసు గదా. ఆళ్ళాయన దానయ్య, ఒడ్డున పెద్దవల లాగినపుడు పాట ఎత్తీవోడంట. పోయినేడు సముద్రం మీదకెల్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. కూతురు తనూజ ఫోన్లో రికార్డు సేసిన పాటలే మిగిలినాయి. పలాసలో మన షాపు తరపున నేనే ఎల్లి ఆటిని హార్డ్‌డిస్కులో ఏసి, వైఫై డబ్బాకి తగిలించినాను. హాల్లో టీవీలోనైనా, వంటింట్లో స్పీకర్లోనైనా ఇనొచ్చు.

నిన్న పిన్ని ఫోన్ సేసింది. "లోకనాథూ, పాటలు పోతన్నాయిరా. రోజుకొకటి. ఇంకొక్కటే ఉంది."

మధ్యాన్నమే ఎల్లినాను. మబ్బు కమ్మీసి జీడితోటల్లో అప్పుడే సీకటి. గాలి లేదు. పిట్ట కూడా అరవలేదు.

టీవీలో సూత్తే నిజంగానే ఒక్క పాట. డబ్బా ఆపి మళ్ళీ ఏసినాను. స్కాన్ సేసినాను. ఒక్కటే. హార్డ్‌డిస్కు పీకి నా లాప్‌టాప్‌కి పెట్టినాను. పాటల పేర్లన్నీ ఉన్నాయి మావా. లోపల ఏటీ లేదు, పప్పు లేని జీడిపిక్కల్లాగ.

"ఆ ఒక్కటైనా కాపీ తీత్తాను పిన్నీ" అన్నాను.

అప్పుడే వంటింట్లో స్పీకర్ మోగింది. హార్డ్‌డిస్కు నా ఒళ్ళోనే ఉంది...

దానయ్య గొంతు. ఒక ముక్క ఎత్తి ఆగినాడు. ఎవులూ పలకలేదు. మళ్ళీ ఎత్తినాడు. ఆగినాడు. ఆ ఆగిన సోట... తడి తాడు రాసుకున్న సప్పుడు. ఎవులిదో ఆయాసం. ఇల్లంతా నాచు వాసన.

"మిగతావోలేరే?" అన్నాది పిన్ని. "ఈయన ఎత్తితే తాడు లాగినోలందరూ పలకాల గదా."

తనూజ తలొంచుకుంది. "ఆళ్ళ గొంతులు ఫోన్లో నేనే కోసీసినానమ్మా. నాన్న గొంతొక్కటే ఇనాలని."

"ఓసి పిచ్చిదానా. పలక్కపోతే పట్టు జారిపోద్ది. మనోలెవులూ అలా ఒదలరు."

గొంతు సన్నబడిపోతంది. ఇంకాసేపుంటే ఆ పాటా పోద్ది.

ఆ ఊర్లో ఆడోలు వల పాటకి పలకరంట. పలికితే సముద్రం గడప దాటి వత్తాదంట. తనూజ తల్లి సెయ్యి పట్టుకుని ఆపింది. పిన్ని ఇదిలించుకుని కొంగు బిగించింది.

"రానీ. మనిషిని తీసుకుంది సాలదా, పాట కూడా కావాలా దానికి? ఇవ్వను."

దానయ్య ఎత్తినాడు.

"హైలెసా" అన్నాది పిన్ని.

మళ్ళీ ఎత్తినాడు. తనూజ కూడా అంది. నా గొంతు నాకే ఇనబడదు, నీకు తెలుసు. నేనూ అన్నాను మావా. గట్టిగానే అన్నాను. సేతుల్లో ఏటీ లేదు. అయినా బరువు తెలిసింది... అరిసేతులు సూడు, ఎలా ఒరుసుకుపోయినాయో.

హార్డ్‌డిస్కు తిరిగి డబ్బాకి తగిలించినాను. టీవీలో పాటలు ఒక్కొక్కటే వచ్చినాయి. అన్నీ. తనూజ కళ్ళు తుడుసుకుని "అమ్మ కేకేత్తే రాకుండా ఉంటాయేటి" అన్నాది. ముగ్గురం నవ్వినాం.

అప్పుడు స్పీకర్లో పాట ఆగింది. దానయ్య మాటాడినాడు. తనూజ రికార్డుల్లో ఆ మాట లేదు. అసలు ఆయన నన్ను ఎప్పుడూ సూడనే లేదు.

పిన్ని నా భుజం మీంచి నా ఎనక్కి సూసింది. మొకం పాలిపోయింది. నేను తిరగలేదు.

పలక్కపోతే పాటలు మళ్ళీ పోతాయి. ఇవాళ కూడా ఎల్తాను మావా. బయమే. అయినా ఎల్తాను, ఆ ఇద్దరాడోల్నీ పలకమని ఒదిలీలేను. ఆపకు నన్ను. ఆయనన్నది అన్నట్టే సెప్తన్నాను, ఇను.

"రత్నం... ఆ పలాస కుర్రోడికి సెప్పు, పట్టు ఒదలొద్దని. ఆడి ఎనకాల తాడు పట్టినోడు మనోడు కాడు."