పాదాలు ముందుకే ఉన్న దొర

తర్లుపాడు దారిలో, పలకరాయి తవ్వే క్వారీ పక్కన గుట్ట మీద ఓ దొర బంగళా ఉండేది. పొద్దుగూకాక అటు మేకలు కూడా పోవనేవారు. స్వాతంత్ర్యం రాగానే కంపెనీ దొర ఓడెక్కి వెళ్లిపోయాడు, అక్కడే చచ్చిపోయాడన్నారు... ఆయన దెయ్యం మాత్రం ఇక్కడే ఉండిపోయిందట. అప్పుడప్పుడు దగ్గు వినిపిస్తుందట, పైపు పొగ వాసన వస్తుందట.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు సంగతి ఇది. అప్పుడు నేను క్వారీ కూలీల సంఘానికి సెక్రటరీని. దొర పోయాక మద్రాసు సేటు నడుపుతున్న క్వారీకి లీజు తీరుతోంది గనక, అది మాకే ఇవ్వమని అర్జీ పెట్టుకున్నాం. మర్నాడు సర్కారు ఆఫీసరు విచారణకు వస్తున్నాడు. ఖాళీ బంగళా మీద మా సంఘం బోర్డు కనిపిస్తే పని జరుగుతుందని నలభై ఇళ్లవాళ్ల ఆశ. బోర్డు కొట్టడానికి మాత్రం ఒక్కరూ కదల్లేదు.

"బతికున్న తెల్లోళ్లనే తరిమినాం, చచ్చినోడికి భయపడేదేంది?" అన్నాను. నిజానికి నేనెవర్నీ తరమలేదు. ఆ రోజుల్లో చలిజ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాను.

రాళ్లు చీల్చే ముసలి పెద్దయ్య లాంతరు పట్టుకుని తోడొచ్చాడు. మునిమాపు వేళ. తలుపు ఓరగా తెరిచి ఉంది... లోపల దీపం. దగ్గు — ఒకసారి... మళ్లీ ఇంకోసారి.

"ఎవరది?"

దొర గొంతే!

వేదికలెక్కి గొంతు చించుకునే నేను ఏం చేశానో తెలుసా? చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, "నేనే దొరా..." అన్నాను. ఏం తెచ్చావని అడిగితే బోర్డు రెండు చేతులా అందించాను కూడా.

పెద్దయ్య మాత్రం లాంతరు కిందికి దించి దొర పాదాలు చూశాడు. దెయ్యానికైతే అవి వెనక్కి తిరిగి ఉండాలి.

"ముందుకే ఉండాయి నాయనా..." అని గొణిగాడు. "మనిషే."

దొర నవ్వాడు. "నేనెక్కడికి పోతాను? కంపెనీకి మద్రాసు సేటు పేరు పెట్టాం, వాటాలు నావే. వచ్చినప్పుడల్లా ఇక్కడే దిగుతాను. పోయిన నెలే లీజు ముప్పై ఏళ్లకు పొడిగించారు. రేపు ఆ ఆఫీసరుకు భోజనం కూడా ఇక్కడే."

అప్పుడనిపించింది, ఈయన దెయ్యమైనా బాగుండేదని. దెయ్యానికైతే ఓ తాయెత్తు సరిపోయేది.

గుట్ట కింద అందరూ మా కోసం కాచుకుని ఉన్నారు. పెద్దయ్య కోడలు అంకాలమ్మ ఎదురొచ్చింది.

"దెయ్యం లేదు గదన్నా?"

ఆ మొహంలో ఆశ చూసి సిగ్గుతో చచ్చిపోయాను. 

"ఉంది," అన్నాను. "అటు ఎవరూ పోవద్దు."

పెద్దయ్య లాంతరు ఆర్పేశాడు.

"దెయ్యం గాదు తల్లీ, దొరే. పొద్దున్నే ఆయన పనికి పోవాల... పోయి పడుకోండి."