దారం వెనక మోకు

పూర్వం మకరపురి రాజ్యానికి ఏటా ఒక దుఃఖం తప్పేది కాదు. కార్తీకం వచ్చేసరికి, ఒడ్డుకు కూతవేటు దూరంలో ఉన్న రాకాసిదిబ్బ ఏదో ఒక ఓడను పట్టుకుని విరిచేది. ఒక ముని శాపమట. ఓడవాళ్ల కేకలు వినపడేవి కానీ చేయందించే దారి ఉండేది కాదు. అందుకే ఊరంతా సముద్రానికి వీపు పెట్టి నిలబడేవారు. గంగమ్మ తన మొక్కు తీసుకునేటప్పుడు చూడకూడదని అక్కడి ఆచారం.

నూకాలు తండ్రి అలాగే పోయాడు. ఆయన దిబ్బ మీంచి తన పేరు పెట్టి పిలుస్తున్నా, ఎనిమిదేళ్ల నూకాలు వెనక్కి తిరగలేదు. ఇప్పుడామెకు పదహారేళ్లు. అన్న దానయ్య రాజుగారి ఓడలో ఈ కార్తీకానికే తిరిగి రావాలి.

"గంగమ్మ మనుషుల్ని అడిగిందని ఎవరు విన్నారు మావా?" అని ఊరిపెద్ద అప్పన్నను అడిగింది.

"తాతలు విన్నారు."

"అమ్మ కదా, అలా అడుగుతాదా?"

"నాకేటి తెలుసే గుంటా. నానూ వీపెట్టి నిలబడినోణ్ణే."

మర్నాడు అమ్మవారికి దండం పెట్టుకుని, నూకాలు ఆ ముని ఉన్న అడవికి బయలుదేరింది.

అడవి మొదట్లో పులిముఖపు భూతం అడ్డొచ్చింది. "నీ మనసులో బరువేమిటో చెప్పు. లేదంటే తినేస్తాను." నూకాలు తండ్రి పిలుపు సంగతి చెప్పింది. భూతం దారి వదిలి పక్కకు తప్పుకుంది. "వెళ్లు తల్లీ. నిన్ను తింటే నాకు అరగదు," అంది.

తర్వాత అడుగు కనపడని లోయ. దాని అంచున ఎద్దంత సాలీడు కూర్చుని ఉంది.

"ఇది ఎలా దాటాలి అవ్వా?"

"ముందు సన్నపోగు గాలికి వదులుతాను. అది అవతల అంటుకున్నాక దాని మీద లావుపోగు. మీ మనుషులేమో మొదటే మోకు విసిరి, అది నీళ్లలో పడిందని ఏడుస్తారు," అని సాలీడు నవ్వింది. పోగుల వంతెన అల్లి ఆమెను దాటించి, చేతికొక దారపుండ ఇచ్చింది.

ముని ఆమె మాటలు విని తల దించుకున్నాడు. "నన్ను ఓడ ఎక్కించుకోలేదన్న కోపంలో ఇచ్చిన శాపం. నేనే వెనక్కి తీసుకోలేను. దిబ్బకు చిక్కిన ఒక్క ప్రాణాన్ని మీరు ఒడ్డుకు తెచ్చుకుంటే తీరుతుంది. ఆ ప్రాణం ఎవరిదన్నది నీ చేతిలో లేదు," అని రెండు పెద్ద తారాజువ్వలు ఇచ్చాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి దానయ్య ఓడ దిబ్బ మీద విరుగుతోంది. నూకాలు జువ్వకు దారం కట్టి వెలిగించింది. అలవాటు కొద్దీ దారాన్ని పడవతాడులా గుండ్రంగా చుట్టడంతో అది చిక్కుపడి తెగిపోయింది. రెండోసారి, వలను బుట్టలో సర్దినట్టు అటూ ఇటూ మడతలుగా పేర్చింది. జువ్వ ఓడను దాటి పడింది. ఓడవాళ్లు దారం లాగారు. దారం వెనక తాడు, తాడు వెనక మోకు వెళ్లాయి. వాళ్లు మోకును తెరచాపకొయ్యకు కట్టారు.

"ఇటు తిరిగి పట్టు మావా. వీపుతో మోకు లాగలేం."

అప్పన్న తిరిగాడు. ఆయన్ని చూసి ఊరంతా తిరిగింది.

మోకుకు వేలాడదీసిన చేపల గంపలో ఒక్కొక్కరే వచ్చారు. మొదటివాడి కాలు ఇసుకను తాకగానే రాకాసిదిబ్బ మూలిగి ఓడను వదిలింది. శాపం తీరింది. విరిగిన ఓడ మాత్రం విరిగిన ఓడే.

ముప్ఫైతొమ్మిదో మనిషి గంప దిగి, "ఇంక మీ అన్నొక్కడేనమ్మా. 'నువ్వెక్కు, మా చెల్లి మోకు వదల్దు' అన్నాడు," అని చెప్పాడు. గంప తిరిగి ఓడ వైపు వెళ్తుండగానే తెరచాపకొయ్య విరిగింది. నూకాలు చేతుల్లో మోకు తేలికైపోయింది. అయినా ఆమె చివరిదాకా లాగింది. గంప ఖాళీగా వచ్చింది.

రాజు నూకాలును ఆ తీరానికి ఏలికను చేశాడు. ప్రతి రేవులోనూ జువ్వలూ, దారమూ, మోకూ సిద్ధంగా ఉంచాలని ఆమె మొదటి ఆజ్ఞ ఇచ్చింది.

బతికి వచ్చిన ముప్ఫైతొమ్మిది మందీ నూకాలు ఇంటికి వస్తే, ఆమె తల్లి అందరికీ అన్నం వడ్డించింది. ఒక్కొక్కరినీ "మీ యమ్మ ఉందా బాబూ?" అని అడిగింది. ఉందన్నవాడి విస్తట్లో మరో ముద్ద వేసి, "అయితే బేగి తిని బయల్దేరు. ఎదురుసూస్తా ఉంటాది," అంది.