యజమాని లేని పెట్టె

"విమానాశ్రయంలో మనవాణ్ణి కాల్చేశారు. సామాన్లలో బాంబుందని చెప్పి ప్రాణం వదిలాడు." చీఫ్ గొంతు అంతగా వణకడం ఏజెంట్ డేగ ఎన్నడూ వినలేదు. "విమానాలు ఆపితే వాళ్లు వెంటనే రిమోట్ నొక్కేస్తారు. చప్పుడు కాకుండా ఆ పెట్టెను పట్టుకోవాలి."

డేగ ఒక్కగానొక్క చెల్లెలు అప్పటికే ఓ విమానంలో సీటు బెల్టు పెట్టుకుంది.

స్వీపర్ వేషంలో విమానాశ్రయం సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి కంప్యూటర్ ముందు తోటి ఏజెంట్ నెమలి కూర్చుని ఉంది. ముత్యాల దుద్దులు, గదంతా సెంటు వాసన. డిపార్ట్‌మెంట్‌లో ఆమెను మించిన డేటాబేస్ ఎక్స్‌పర్ట్ లేదు. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే క్వెరీలు డేగకు నేర్పిందీ ఆమే.

"ఒక టేబుల్లో పెట్టెలు, ఇంకోదాంట్లో ప్రయాణికులు. పెట్టెల ట్యాగ్ నంబర్లకి ముందు సున్నాలున్నాయి, ప్రయాణికుల దాంట్లో లేవు. రెండూ కలవక చస్తున్నా," అంది.

"ఎంతసేపు?"

"నడుస్తోందిగా! కంగారుపెట్టకు."

డేగ ఆమె భుజం మీదుగా క్వెరీ చదివాడు. ఒక్కో పెట్టె కోసం ప్రయాణికులందరి నంబర్లకూ మళ్లీ మళ్లీ సున్నాలు తగిలిస్తోంది. వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్ ఉండీ దండగ. సాయంత్రానికి కూడా తెమలదు. పైగా ఇన్నర్ జాయిన్! రెండువైపులా ఉన్న నంబర్లే బయటికొస్తాయి. బాంబు పెట్టెకు ప్రయాణికుడెందుకుంటాడు?

అసలు పనిచేయని క్వెరీ రాస్తే దొరికిపోతుంది. నిదానంగా రాస్తే కష్టపడుతున్నట్టు కనిపిస్తుంది. కావాలనే చేస్తోంది; ఆమె శత్రువుల మనిషి.

"లే," అన్నాడు.

ఆమె చేతిలోని లిప్‌స్టిక్ పిస్టలై అతని వైపు తిరిగింది. అంతలోనే చీపురుకర్ర ఆమె మణికట్టు మీద పడింది. డేగ ఆమెను సర్వర్ ర్యాక్‌కు సంకెళ్లతో బిగించాడు.

"ఇక టైమ్ లేదు, డేగా. మీవాళ్ల పని గోవిందా!" అని నవ్విందామె.

డేగ కీబోర్డు అందుకున్నాడు. పెట్టెల నంబర్ల ముందున్న సున్నాలన్నీ ఒక్కసారే తీసేసి, మిగిలిన నంబర్లను కొత్త కాలమ్‌లో పోశాడు. ఇప్పుడు ప్రయాణికుల ఇండెక్స్ నేరుగా పనికొస్తుంది. జత లేని పెట్టెల్నీ వదలని లెఫ్ట్ జాయిన్. ప్రయాణికుడు దొరకని పెట్టె మాత్రమే చూపించు. ఎంటర్ కొట్టాడు. దేవుడా, నా చెల్లెల్ని కాపాడు!

తెర మీద ఒక్క వరుస పడింది. చెల్లెలి విమానమే.

రేడియోలో అతను పెట్టిన కేకకు లోడర్ ఆ పెట్టెను లాగి పేలుడును తట్టుకునే ఉక్కు పీపాలోకి విసిరి మూత బిగించాడు. మరుక్షణం కిటికీ అద్దాలు అదిరాయి. పేలింది పీపాలోనే. డేగ నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఫోన్ మోగింది. "అన్నయ్యా, బయట ఏదో టైరు పేలిందట, విమానం కదలట్లేదు. మీ సెక్యూరిటీవాళ్లకి పనిలో ఇంత నిదానమేంటి?"

డేగ కళ్లు తుడుచుకుని నెమలి వైపు చూశాడు.

"ఆ నిదానం మనిషిని ఇప్పుడే ఉద్యోగంలోంచి తీసేశామమ్మా."