నాన్న నేర్చుకున్న ఆసనాలు

యూసుఫ్‌గూడలోని ఆ రెండు గదుల ఇంట్లో పొద్దున ఆరున్నరకే వెంకటనర్సయ్య దుప్పటిని నాలుగు మడతలు వేసి నేల మీద పరిచాడు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, ఒక అమ్మాయి ఆసనాలు నేర్పే యోగా వీడియో పెట్టుకున్నాడు. కాళ్లు చాపి కూర్చుని మెల్లగా ముందుకు వంగాడు.

“హిమజా, జర ఇటు రా బిడ్డా. నడుము సక్కగ ఉన్నదా, గూనిగ అయితున్నదా చూడు.”

హిమజ అద్దం ముందు హడావుడిగా జడ వేసుకుంటోంది. ఫిల్మ్‌నగర్‌లో సినిమాల ఎడిటింగ్ చేసే ఆఫీసులో ఆమె అసిస్టెంట్. వెనక్కి తిరగకుండానే అంది.

“వీడియోల అంతా చెప్తది కదా నాన్నా. సమజ్ కాకపోతే వెనక్కి జరిపి మళ్ల చూడు. నాకు లేటయితున్నది.”

“ఆమె చెప్పేది నాకు సమజయితనే ఉన్నది. నేను చేసేదే ఆమెకు కనబడది.”

“రేపు చూస్తలే,” అంటూ హిమజ చెప్పులు వేసుకుంది. వంటగదిలోంచి తల్లి మంజులత టిఫిన్ డబ్బా తెచ్చేసరికే కూతురు మెట్లు దిగిపోయింది.

వెంకటనర్సయ్య ముప్పై ఏళ్లు సినిమాల్లో ఫైటర్‌గా పనిచేశాడు. హీరో తన్నితే గాల్లోకి ఎగిరి, బల్లలు విరగ్గొట్టుకుంటూ పడే పదిమందిలో ఒకడు. నిరుడు ఒక షూటింగులో తాడు జారి పడ్డప్పటి నుంచి నడుము పట్టేసింది. ఫైట్ మాస్టర్ పిలవడం మానేశాడు. ఇంట్లో ఖాళీగా కూర్చుని అస్తమానం ఏదో ఒకటి మాట్లాడిస్తుంటే, విసుగొచ్చి హిమజే పది యోగా వీడియోలు అతని ఫోన్‌కు పంపింది. వాటిని పంపడానికి ఆమెకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన మాత్రం మూడు నెలలు వాటితోనే బతికాడు. ఆసనాల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

పార్కులో నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లమని మంజులత చాలాసార్లు చెప్పింది.

“ఫైటర్ నర్సయ్యకు నడుము వంగుతలేదని బస్తీ మొత్తానికి తెల్వాల్నా?” అనేవాడు.

మోకాలికి నుదురు తగిలిన రోజు చిన్నపిల్లాడిలా సంబరపడి కూతురికి ఫోన్ చేశాడు. పనిలో ఉన్నానని ఆమె పెట్టేసింది.

ఆ గురువారం మంజులత కూరగాయలకు ఎర్రగడ్డ వెళ్లింది. తిరిగి వచ్చి తలుపు తోసేసరికి భర్త గోడ పక్కన ఒరిగిపోయి ఉన్నాడు. మెడ పక్కకు వాలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎడమ చెయ్యి కదలడం లేదు. బియ్యం డబ్బా దగ్గర ఫోన్‌లో ఆ అమ్మాయి నవ్వుతూ చెబుతోంది: “చాలా బాగా చేశారు. ఇప్పుడు మెల్లగా విశ్రాంతి తీసుకోండి.”

మంజులత కేకలు విని పక్కింటివాళ్లు వచ్చి దవాఖానకు చేర్చారు. ఆమె హిమజకు తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. నాన్న మళ్లీ ఆసనాల గురించి ఏదో అడగాలని అమ్మతో చేయిస్తున్నాడనుకుని హిమజ ఫోన్‌ను బోర్లా పెట్టింది. మధ్యాహ్నం మెసేజ్ చూసి పరుగెత్తుకొచ్చింది.

తలకిందులుగా నిలబడబోయి పడడంతో మెడ దగ్గర నరం నలిగిందని డాక్టర్ చెప్పాడు. చేతికి బలం రావడానికి నెలలు పడుతుంది. ఇక దూకడం, పడడం జన్మలో కుదరదు.

వార్డు బయట వరండాలో హిమజ తల్లి మీద విరుచుకుపడింది.

“ఈ వయసుల తలకిందులు నిలబడుడేందమ్మా? నువ్వన్న ఆపొద్దా? ఎవరు చెయ్యమన్నరు ఆయన్ను?”

“మెల్లగ మాట్లాడు,” అంది మంజులత. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “ఫోన్ల చూసి చేసుకొమ్మన్నది నువ్వే. మూడు నెలల సంది పిలుస్తనే ఉన్నడు, ఐదు నిమిషాలు కూసొని చూడుమని. ఒక్కనాడన్న కూసున్నవా?”

“శీర్షాసనం చేస్తడని నాకేం ఎర్క?”

“ఎందుకు చేసిండో ఎర్కనా? నువ్వు పనిచేసే పిక్చర్ల వచ్చే నెల పెద్ద ఫైటు తీస్తరంట. మాస్టర్ ఇంటికి పొయ్యి బతిమాలుకున్నడు. తలకిందులుగ నిలబడి దొర్లి చూపిస్తే తీసుకుంటనన్నడట. ‘ఒక్క షాట్ చాలు మంజూ, ఆఫీసుల నా బిడ్డ ముంగటి టీవీల నేను రావాలె’ అన్నడు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వేయించుకున్నడు.”

హిమజ గోడకు చేరగిలబడింది.

లోపలికి వెళ్లేసరికి తండ్రి మెడకు పట్టీతో పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

“నీ పని ఖరాబు చేసినా బిడ్డా?”

ఆమె మంచం పక్కన నేల మీద కూలబడింది. “ఆఫీసుల ఎవ్వరికీ చెప్పలే నాన్నా, నువ్వు ఫైటర్‌వని.”

“ఎర్కే. ఓనాడు మీ ఆఫీసుకు టిఫిన్ డబ్బా తెచ్చిన కదా. ఎవరని అడిగితే తెలిసినాయన అన్నవు. నా చెవులతోని ఇన్న.”

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది. మంచం పట్టె మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన కుడిచెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె జుట్టు మీద ఆగింది.

ఇంటికి తెచ్చాక డాక్టర్ చెప్పినవి రెండే వ్యాయామాలు. నిటారుగా కూర్చుని శ్వాస తీసుకోవాలి, భుజాలు మెల్లగా తిప్పాలి. హిమజ ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి, కారణం అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

మొదటి రోజు ఆయన అంగీ విప్పించి వెనక కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ వీపును అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. మెడ కింద నుంచి నడుము దాకా గీతలు, కుట్లు, ముడుచుకుపోయిన చర్మం.

“ఇది దేనిది నాన్నా?”

“ఏడ? భుజం మీదనా? అద్దం పలక దిగింది. నువ్వు ఐదో తరగతి అప్పుడు.”

“ఇది?”

“మంటల దూకిన. నువ్వింక పుట్టలె.”

నడుముకు కొంచెం పైన, జానెడు పొడుగున్న పాత కుట్ల మీద ఆమె వేలు ఆగింది. “మరి ఇది?”

ఆయన కుడిచెయ్యి వెనక్కి పెట్టి దాన్ని తడిమి చూశాడు. “యాదికి లేదు బిడ్డా. ఏ పిక్చరో.”

హిమజ ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించింది. “శ్వాస తీసుకో నాన్నా,” అంది. చేతి కింద పక్కటెముకలు మెల్లగా లేచి, వణుకుతూ దిగాయి.