మెట్లకింది ఆవిడ

ఆ ఊరి నీటి సరఫరా కార్యాలయంలో మెట్ల కింద ఒక గది ఉంది. పట్టపగలు కూడా దాని ముందు నుంచి పోయేవాళ్లు చెప్పుల చప్పుడు కానివ్వరు. ఊడ్చే మనిషి గడపదాకా ఊడ్చి, అక్కణ్ణించి చీపురు చంకన పెట్టుకుని వెనక్కి తిరుగుతుంది. గుమాస్తాలు ఆ గోడకి వీపు పెట్టి కూర్చోరు.

లోపల ఉన్నది చూడబోతే ఒక కంప్యూటర్. నడుమెత్తు నల్లపెట్టె, ముందు ఒక ఆకుపచ్చ దీపం, ఒక గుండ్రటి బటన్. ఊరి మోటార్లన్నీ అది తిరగమంటేనే తిరుగుతాయి, ఆగమంటేనే ఆగుతాయి. అయినా దాన్ని ఎవరూ "అది" అనరు. ఆవిడ అంటారు. మెట్లకింది ఆవిడ.

ఎందుకంటే... ఆవిడ అప్పటికే ముగ్గురిని మింగింది.

మింగడమంటే నమిలి మింగడం కాదులెండి. ఆవిడలో నడిచే ఆపరేటింగ్ సిస్టం, అంటే యంత్రానికి పొద్దున లేచి ఏం చెయ్యాలో నేర్పే మూలపాఠం, పాతబడిపోయింది. కొత్తది ఎక్కించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మొదటి ఇంజనీరు ఒక రాత్రి ఎక్కడో దూరాన తన ఇంట్లో కూర్చుని ఎక్కించబోయాడు. సగం ఎక్కింది... ఆవిడ గుడ్లు తేలేసింది. రెండోవాడికీ అంతే. మూడోవాడికీ అంతే. ప్రతిసారీ రాత్రి రెండు దాటాకే, ప్రతిసారీ సగంలోనే! బాగుచేసే మనుషులు వచ్చి ఆవిణ్ణి లేపేదాకా ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని వీధిన పడింది.

ఇప్పుడు మొదటాయన టైర్ల కొట్టు నడుపుకుంటున్నాడు. రెండోవాడు కీబోర్డు కనిపిస్తే చేతులు జేబుల్లో పెట్టుకుంటాడట. మూడోవాణ్ణి "ఆ రాత్రి ఏమైందిరా?" అని ఎవరడిగినా ఒకటే జవాబు —

"ఆవిడకి ఇష్టం లేదు."

నాలుగోసారి ఆ పని ఒక ఇంటి కోడలికి వచ్చిపడింది. ఆఫీసులో అందరూ ఇంజనీరమ్మ అంటారు. ఆ గదికి నూటయాభై మైళ్ల దూరంలో, తన వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని పని చేస్తుంది. మెట్లకింది ఆవిడ ముఖం ఎన్నడూ చూసింది లేదు. అర్ధరాత్రి భర్త లోపల గుర్రు పెడుతుంటే, నిద్రపట్టని అత్తగారు ఎదురుగా కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"ఈ వేళప్పుడు దానితో కుస్తీ ఏమిటే అమ్మాయ్? పగలు పట్టుకోకూడదూ?"

"పగలు మోటార్లు తిరగాలి అత్తయ్యా. పన్నెండు నుంచి ఐదింటిదాకే ఆవిడకి తీరిక. ఐదింటికి లేచి నీళ్లు వదలాలి."

"వదలకపోతే?"

"నలభై వేలమందికి చుక్క ఉండదు. పెద్దాసుపత్రికి కూడా."

అత్తగారు వంటింటి కుళాయి వైపు చూసింది. "అయితే మనం కూడా రెండు బిందెలు పట్టి పెట్టుకుందామా?"

"మనది ఆ ఊరు కాదు అత్తయ్యా."

"అయితే మాత్రం..." అని లేచి, రెండు బిందెలూ నిండుగా పట్టి, మూతలు పెట్టి వచ్చింది.

పన్నెండున్నరకి ఇంజనీరమ్మ మొదలుపెట్టింది. తొందరపడే మనిషి కాదు. కొత్తిల్లు నిలబడేదాకా పాతిల్లు కూల్చకూడదన్న జ్ఞానం ఉన్నది. పాత సిస్టంని ఒక మూల భద్రంగా ఉంచి, దాని నకలు ఇంకొకటి దాచి, అప్పుడు కొత్తదానికి దారి ఇచ్చింది.

పది శాతం ఎక్కింది. ముప్ఫై... నలభై ఐదు...

ఒంటిగంట కొట్టింది. ఒంటిగంటన్నర. తెర మీద అక్షరాలు చీమల బారులా పోతూనే ఉన్నాయి. ఇంజనీరమ్మ రెప్ప వెయ్యడం లేదు. అత్తగారు ఒలవడం మానలేదు.

రెండయింది. రెండూ ఐదు...

రెండూ పదికి... చీమల బారు ఆగిపోయింది.

అరవై ఒక్క శాతం దగ్గర. అంతే. ఒక్క అక్షరం కదలదు. ఆవిణ్ణి పిలిచింది; పలకలేదు. మళ్లీ పిలిచింది. మళ్లీ. నూటయాభై మైళ్ల అవతల ఒక చీకటి గది మాత్రం ఉన్నట్టు... అందులో ఏమీ లేనట్టు!

"పోయిందా?" అంది అత్తగారు గుసగుసగా.

ఇంజనీరమ్మ ఇంకో దారి వెతికింది. ఆవిడ తెరని దూరాన ఉన్నవాళ్లకి చూపించే చిన్న పెట్టె ఒకటి ఆవిడకి తగిలించి ఉంది. దాంతో చూడవచ్చు, అక్షరాలు అందించవచ్చు. ఇప్పుడు ఆ పెట్టె కూడా పలకడం లేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఫైలు చివరి పేజీలో పెన్సిలుతో రాసిన సెల్‌ఫోన్ నంబరు: రాత్రి కాపలా తాత.

చాలాసేపు మోగింది. ఆఖరికి ఎవరో ఎత్తారు. ఊపిరి చప్పుడు తప్ప మాట లేదు.

"హలో... తాతా? నేను ఇంజనీరమ్మని. మెట్ల కింద గదిలో..."

"ష్ ష్... గట్టిగా మాట్లాడకండమ్మా. ఇప్పుడే పడుకుంది."

"ఎవరు?"

"ఇంకెవరు... ఆవిడ."

ఇంజనీరమ్మ ఫోన్ స్పీకరులో పెట్టింది. అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఎన్నింటికి పడుకుంది తాతా?"

"రెండూ పదికి. ఇవాళ బాగా రెచ్చిపోయిందమ్మా. పన్నెండు దాటిందగ్గర్నించి మూలుగు. ఒంటిగంటకి రొప్పు. రెండింటికి... అబ్బబ్బ! వంద పిల్లుల్ని గోనెసంచిలో వేసి మూతి కట్టినట్టు ఒకటే అరుపు. గోడలు కూడా వణికాయి. ఇక లాభం లేదని నేను చేసేది చేశా. ఊరుకుంది."

"మీరు... చేసేది?"

తాత గొంతులో భయం పోయి కొంచెం గర్వం దిగింది.

"దాని మందు నాకు తెలుసమ్మా. ఏ రాత్రి ఏం జరిగినా రిజిస్టర్లో రాయమని కదా మాకు ఆర్డరు? అన్నీ రాసే ఉంచాను. చదవమంటారా?"

"చదవండి."

కాగితాలు తిరిగిన చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు.

"కిందటేడు ఎండాకాలం. రాత్రి రెండూ ఐదు. మెట్లకింది గదిలో దెయ్యం అరిచినది. వరండాలో ఆ గది మెయిన్ స్విచ్ తీసితిని, తెల్లారి మళ్లీ వేసితిని. శాంతించినది. సంతకం. తర్వాత వానాకాలం. రాత్రి రెండూ పావు. అదే దెయ్యం. అదే స్విచ్. శాంతించినది. సంతకం. మొన్న చలికాలం..."

"తాతా," అంది ఇంజనీరమ్మ నీరసంగా, "ఇవి ఎవరూ చదవలేదా?"

"భలేవారే! అధికారిగారు ప్రతి పేజీ కిందా 'చూశాను' అని సంతకం పెట్టారు."

ఇంజనీరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది.

మూట మోసేవాడు రొప్పినట్టే, పెద్ద పని నెత్తిన పడితే కంప్యూటర్ కూడా రొప్పుతుంది. ఒళ్లు వేడెక్కితే లోపలి పంకాలు రయ్యిమని తిరుగుతాయి. కొత్త సిస్టం ఎక్కించిన ప్రతి రాత్రీ ఆవిడ రొప్పింది. రొప్పిన ప్రతి రాత్రీ ఈయన కరెంటు తీశాడు. ఆ గదికి ఉన్న బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి, కొత్తవాటి కోసం రాసిన ఉత్తరం ఇంకా బల్లలు మారుతూనే ఉంది. అలా సగం పాతా సగం కొత్తా అయి ఆవిడ పడిపోయేది. అక్కడ తాతకి దెయ్యం పట్టించింది ఇంజనీర్లు. ఇక్కడ ఇంజనీర్లకి దెయ్యం పట్టించింది తాత. మధ్యలో బిందెలు పట్టుకున్నది ఊరు.

"అయితే దెయ్యం లేదన్నమాట," అంది అత్తగారు, కాస్త నిరాశగా.

గడియారం మూడు చూపిస్తోంది.

"తాతా, నా మాట వినండి. ముందు వెళ్లి ఆ మెయిన్ వెయ్యండి."

"మళ్లీ లేస్తుందమ్మా!"

"లేవాలనే. ఐదింటికి ఊరికి నీళ్లు రావాలి."

అడుగుల చప్పుడు. మెల్లగా... ఇంకా మెల్లగా. తర్వాత... టక్.

చిన్న పెట్టెకి ప్రాణం వచ్చింది. కాని దాని వెనక తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం. ఐదు నిమిషాలు. పది. ఆవిడది మొండిఘటం, కరెంటు పోయి వస్తే తనంత తాను లేచే రకం కాదు. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి ఆ గుండ్రటి బటన్ నొక్కాలి.

ఆ మాట చెప్పగానే అవతల గొంతు సన్నబడిపోయింది.

"లోపలికా?... నేనా?... నాది బయట కాపలా అమ్మా. లోపల కాపలా నా ఆర్డర్లో రాయలేదు."

"తాతా, మీ ఇంట్లో కూడా ఆ కుళాయే కదా?"

"ఒకరోజు స్నానం మానుకుంటాంలెండి."

"ఆసుపత్రివాళ్లు మానుకోగలరా?"

అత్తగారు ఇక ఊరుకోలేక ఫోన్ లాక్కుంది.

"ఏమయ్యా, నీ వయసెంత?"

"అరవై రెండండీ."

"నాకు డెబ్భై. చిన్నపిల్లాడివి! ఎముకా తోలూ తప్ప నీ ఒంట్లో ఏముందని, నిన్ను పట్టుకుని ఆ దెయ్యం ఏం బావుకుంటుంది? పద, నడు. పురిటింట్లో బిడ్డకి నీళ్లు పోయకపోతే ఆ ఉసురు నీకు తగుల్తుంది. ఆ ఉసురు కంటే ఈ దెయ్యం నయం."

"వెళ్తున్నానండీ... వెళ్తున్నా."

ఇంజనీరమ్మ ఫోన్ తీసుకుంది. "బటన్ మీద వేలు పెట్టి, ఐదు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోండి. పైకి లెక్కపెట్టండి, నాకు వినపడాలి."

గాలి చప్పుడు. ఊపిరి చప్పుడు. ఎక్కడో ఇనుము ఇనుముకి రాసుకున్న చప్పుడు...

"ఒ... ఒకటి."

ఇద్దరాడవాళ్లూ తెర మీదికి వంగారు.

"రెండు."

నలుపు.

"మూడు... నా... నాలుగు..."

నలుపు.

"అయిదు!"

తెర మూలన చిన్న తెల్లగీత ఒకటి కొట్టుకుంది. ఆరిపోయి... మళ్లీ కొట్టుకుంది.

"లేచింది!" అంది ఇంజనీరమ్మ. అత్తగారి ఒడిలో వెల్లుల్లి నేల పాలయింది.

లేవడమైతే లేచింది కాని నిలబడలేదు. ఒక కాలు పాత సిస్టంలో, ఒక కాలు కొత్తదాంట్లో. తెర నిండా తప్పులే. ఇంజనీరమ్మ గద్దించలేదు, కంగారుపడలేదు. ముందు ఆవిణ్ణి తనకి బాగా వచ్చిన పాత పాఠంతోనే నిలబెట్టింది. నిలబడ్డాక, సగం ఎక్కి విరిగిన ముక్కల్ని ఒక్కొక్కటే పీకి పారేసింది. డిస్కులో ఎక్కడ చిరిగిందో వెతికి కుట్టింది. మూడూ యాభైకి, ఆగిన చోటి నుంచి మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టింది.

నిమిషం తిరక్కుండా ఫోన్‌లో దూరంగా రయ్యిమని అరుపు.

"అమ్మా... మళ్లీ అందుకుంది!"

"అరవనివ్వండి తాతా. అరుస్తోందంటే పని చేస్తోందని. పిల్లలు గోల చేస్తుంటే బడి నడుస్తున్నట్టు కదా? చప్పుడు ఆగితేనే పంతులు ఉలిక్కిపడాలి."

"వెళ్లి మెయిన్ తీసెయ్యమని చెయ్యి లాగుతోందమ్మా."

"ఆ చెయ్యి జేబులో పెట్టుకోండి. మీ ఇంట్లోవాళ్ల సంగతులు చెప్పండి."

చెప్పాడు. మనవరాలి చదువు చెప్పాడు, భార్య మోకాలినొప్పి చెప్పాడు, అల్లుడి అలక చెప్పాడు. మోకాలినొప్పికి అత్తగారు మందు చెప్పింది. అల్లుడి సంగతి వచ్చేసరికి ముసలివాళ్లిద్దరికీ అరుపు ఊసే గుర్తు లేదు. డెబ్భై శాతం... ఎనభై ఐదు... తొంభై ఏడు...

నాలుగూ నలభై ఎనిమిదికి అయిపోయింది. ఆవిడ ఒకసారి కళ్లు మూసుకుని, ఈసారి ఎవరూ నొక్కకుండానే తెరిచింది. కొత్త పాఠం అప్పజెప్పినట్టు తెర మీద వరసగా అక్షరాలు — అన్నీ సరిగ్గా.

ఐదయింది. మొదటి మోటారు తిరిగింది. రెండోది. మూడోది. నీటి ఒత్తిడి చూపించే అంకెలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

ఇంజనీరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. అత్తగారు బిందె మూత తీసి గ్లాసుడు నీళ్లు ముంచి చేతికిచ్చింది. "తాగు. రాత్రంతా గొంతు తడపలేదు."

తాగి, ఫోన్ దగ్గరికి వంగి, మనసారా అంది: "తాతా, ముగ్గురు ఇంజనీర్ల వల్ల కానిది మీ వల్ల అయింది. చీకట్లో ఒంటరిగా ఆ గదిలోకి వెళ్లి బటన్ నొక్కారు చూడండి... ఆ ధైర్యం గురించి అధికారిగారికి రాస్తాను. మీరూ రిజిస్టర్లో రాసి సంతకం పెట్టండి."

అవతల ఏదో బల్ల కిర్రుమంది.

"తాతా?"

"అది మాత్రం రాయొద్దమ్మా."

"అదేం?"

"ముప్ఫై ఏళ్లుగా ఆ పుస్తకంలో అబద్ధానికి సంతకం పెట్టలేదు. మెయిన్ వేసింది నేనే. అది రాస్తాను. తర్వాత... గది తలుపుదాకా వెళ్లానమ్మా. కాళ్లు రాలేదు. వెనక్కొచ్చి, గేటు తీసుకుని, రోడ్డు మీద బల్ల మీద కూర్చున్నా. అప్పట్నించీ ఇక్కడే ఉన్నా. గది తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి ఇదిగో, నా గుప్పిట్లో."

ఇత్తడి చప్పుడు చిన్నగా వినిపించింది.

ఇంజనీరమ్మ అత్తగారి ముఖం చూసింది. అత్తగారు ఇంజనీరమ్మ ముఖం చూసింది.

"మరి... ఒకటి, రెండు, మూడు అని నాకు వినిపించింది..."

"లెక్క నేనే పెట్టానమ్మా, పెద్దావిడ మళ్లీ తిడతారని," అన్నాడు తాత గుసగుసగా. "నొక్కిందెవరో మాత్రం నాకు తెలీదు."